విశాఖ గుట్టల్లో తేళ్ల సర్వే: తరచుగా అడిగే ప్రశ్నలు

ఎండాకాలంలో కొన్ని రాత్రులు, తొలకరి పడ్డాక మరికొన్ని రాత్రులు మేం విశాఖ చుట్టుపక్కల గుట్టలెక్కి తేళ్లను లెక్కపెడతాం. కొలుస్తాం, ఫోటో తీస్తాం, దొరికిన చోటే వదిలేస్తాం. మాతో వస్తామని ఫోన్ చేసే విద్యార్థులు, గుట్ట దిగువన ఉండేవాళ్లు, పిల్లల్ని పంపాలా వద్దా అని ఆలోచించే తల్లిదండ్రులు దాదాపు ఒకే ప్రశ్నలు అడుగుతుంటారు. జవాబులన్నీ ఒకచోట ఉంటే మంచిదని ఇక్కడ రాస్తున్నాం.

విశాఖ సముద్రం ఒడ్డున ఉన్న ఊరు కదా, ఇక్కడ పొడి నేల ఎక్కడుంది?

అనంతపురం లాంటి పొడి ఇక్కడ లేదు, నిజమే. అక్కడ ఏడాదికి సుమారు 550 మి.మీ. వాన పడితే ఇక్కడ 1,000 మి.మీ. దాకా పడుతుంది. కానీ ఆ వానలో ఎక్కువ భాగం జూన్, నవంబరు నెలల మధ్యే కురిసిపోతుంది. ఫిబ్రవరి వచ్చేసరికి గుట్టల మీద గడ్డి ఎండిపోతుంది. మన కొండల్లో ఎక్కువగా ఉన్నది ఖోండలైట్ రాయి. అది ఎండకీ వానకీ పలకలు పలకలుగా విడిపోతుంది, నీటిని నిలవనివ్వదు. చాలా వాలుల్లో పైమట్టి జానెడు కూడా ఉండదు. ఒంటికి ఉప్పుగాలి తగులుతూనే ఉంటుంది, కాళ్ల కింద నేల మాత్రం పొడిపొడిగా ఉంటుంది. ఆ పలకల సందులు, ముళ్ల తుప్పల మొదళ్లు, జీడితోటల గట్లు తేళ్లకు బాగా నచ్చే చోట్లు. అందుకే రాయలసీమ మెట్టల్లో పనికొచ్చే సర్వే పద్ధతి ఇక్కడా పనికొస్తుంది. నెలలు మాత్రం మార్చుకోవాలి.

తేళ్లను లెక్కపెట్టడం ఎందుకు? వాటివల్ల ఏం ఉపయోగం?

ప్రపంచంలో 2,500కు పైగా తేళ్ల జాతులకు పేర్లున్నాయి. మన దేశంలోనే వందకు పైగా ఉన్నాయి. వీటిలో చాలావాటి గురించి మనకు తెలిసింది ఒక పేరు, ఒకటో రెండో ఊళ్ల పేర్లు, మ్యూజియం సీసాలో ఒక నమూనా, అంతే. ఏ గుట్ట మీద ఎన్ని ఉన్నాయి, ఏ నెలలో బయటికొస్తాయి, పిల్లలు ఎప్పుడు పుడతాయి అన్నవి ఎవరో ఒకరు రాత్రిపూట నడిచి రాసుకుంటేనే తెలుస్తాయి. తేలు ఊరు మార్చే జంతువు కాదు. పుట్టిన చోటికి కొద్ది దూరంలోనే బతుకుతుంది. గుట్టను తవ్వి చదును చేస్తే పక్షి ఎగిరిపోతుంది కానీ తేలు పోలేదు. మన చుట్టూ గుట్టలు ఎంత వేగంగా లేఔట్లు అవుతున్నాయో చూస్తున్నాం కదా. అవి పోకముందే అక్కడ ఏముందో రాసి ఉంచాలన్నది మా పట్టుదల.

వైద్యానికి కూడా ఇది అవసరమే. ఎర్ర తేలు ఏ ప్రాంతంలో ఎక్కువగా తిరుగుతుందో తెలిస్తే అక్కడి ఆసుపత్రిలో మందు సిద్ధంగా ఉంచుకోవచ్చు.

ఇక్కడ ఏయే తేళ్లు కనిపించవచ్చు?

మామూలు మాటల్లో చెప్పాలంటే మూడు నాలుగు రకాలు.

మొదటిది ఎర్ర తేలు, శాస్త్రీయ నామం హొట్టెంటోటా టములస్. పాత పుస్తకాల్లో, ఆసుపత్రి పత్రాల్లో మీసోబుతస్ టములస్ అనో బుతస్ టములస్ అనో కనిపిస్తే కంగారు పడకండి, అన్నీ ఇదే. పెద్దవి 5 నుంచి 9 సెం.మీ. దాకా ఉంటాయి. నారింజ రంగు నుంచి ముదురు గోధుమ రంగు దాకా ఏ ఛాయలోనైనా ఉండవచ్చు. కాబట్టి రంగును నమ్మి పేరు పెట్టకూడదు.

రెండోది మండ్రగబ్బ. నల్లగా, లావుపాటి డెక్కలతో, చూడగానే గుండె ఝల్లుమనేలా ఉంటుంది. దీనిలో ఒకే జాతి లేదు. 2020 దాకా ఆసియాలోని ఈ పెద్ద నల్ల తేళ్లన్నిటినీ హెటెరోమెట్రస్ అనే ఒకే ప్రజాతిలో (దగ్గరి జాతుల గుంపులో) ఉంచేవారు. ఆ ఏడాది వచ్చిన సవరణలో వీటిని చాలా ప్రజాతులుగా విడదీశారు. మన వైపు వాటికి ఇప్పుడు డెక్కనోమెట్రస్, జైగాంటోమెట్రస్ లాంటి పేర్లు వినిపిస్తాయి. జైగాంటోమెట్రస్ స్వామర్‌డామి ప్రపంచంలోని అతి పెద్ద తేళ్లలో ఒకటి.

మూడోది, రేవు పట్నం కాబట్టి చెప్పాల్సింది, ఐసోమెట్రస్ మాక్యులేటస్. సన్నగా, మచ్చలతో ఉంటుంది. ఓడల్లో సరుకుతో పాటు ప్రయాణించి ఉష్ణమండలపు రేవులన్నిటికీ చేరిన జాతి ఇది. మగదాని తోక ఎంత పొడుగ్గా ఉంటుందంటే, మొదటిసారి చూసినవాళ్లు మగదీ ఆడదీ వేరు వేరు జాతులనుకుంటారు.

ఇవి కాక చెట్ల బెరడు కింద, రాతి పలకల మధ్య దూరేలా బల్లపరుపుగా ఉండే లియోకీలిస్, చిన్న చిన్న లైకస్ తేళ్లు కూడా దక్షిణ భారతంలో ఉన్నాయి. చిన్న తేలు కనిపిస్తే ‘పిల్ల తేలు’ అని రాసేయకండి. అది పెద్దదై కూడా చిన్నగానే ఉండే జాతి కావచ్చు.

మండ్రగబ్బ కుడితే ప్రాణం పోతుందంటారు. నిజమేనా?

చూడ్డానికి భయంకరంగా ఉండేది మండ్రగబ్బ. నిజంగా భయపడాల్సింది ఎర్ర తేలుకు. మండ్రగబ్బ ఎక్కువగా డెక్కల బలంతోనే వేటాడుతుంది. కుడితే నొప్పి, వాపు ఉంటాయి కానీ దాని విషం మనిషిని చంపేటంతది కాదు. ఎర్ర తేలు డెక్కలు సన్నగా, తోక లావుగా ఉంటాయి. దాని బలమంతా విషంలోనే ఉంది. సన్న డెక్కలు, లావు తోక ఉంటే జాగ్రత్త అన్నది గుట్ట మీద గుర్తుంచుకోవడానికి పనికొచ్చే మాట. కానీ అది ముట్టుకోవడానికి లైసెన్సు కాదు. ఏ తేలునూ చేత్తో పట్టుకోం, ఎంత అనుభవం ఉన్నా సరే.

చీకట్లో తేలు ఎలా కనిపిస్తుంది?

వెలుగుతుంది కాబట్టి. అతినీలలోహిత కాంతి, అంటే యూవీ టార్చి వేస్తే తేలు పెంకు నీలం కలిసిన ఆకుపచ్చ రంగులో మెరుస్తుంది. పెంకు పై పొరలో ఉండే బీటా కార్బోలిన్, ఒక రకం కౌమరిన్ లాంటి పదార్థాలు దీనికి కారణం. తేళ్లకు ఈ గుణం ఉందని 1950లలోనే గమనించారు. అంతకుముందు తేళ్ల సర్వే అంటే పగలంతా రాళ్లు తిప్పడమే.

మొదటిసారి వచ్చినవాళ్లతో మేం ఒక పని చేయిస్తాం. గుట్ట వాలులో మామూలు టార్చి వేసి ఒక రాతి గోడను ఐదు నిమిషాలు చూడమంటాం. ఏమీ లేదంటారు. తర్వాత అది ఆపి యూవీ వేస్తాం. రాళ్ల సందులో అరచేతి వెడల్పు దూరంలో రెండు డెక్కలు, వంపు తిరిగిన తోక, గాజు బొమ్మలా పచ్చగా వెలుగుతూ కనిపిస్తాయి. అది అప్పటిదాకా అక్కడే ఉంది. అప్పుడు అందరూ ఒక్కసారి కాలు వెనక్కి తీసుకుంటారు. ఆ ఒక్క నిమిషంతో కింద చూసి నడవడం అలవాటైపోతుంది. మేం వేరే చెప్పక్కర్లేదు.

రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. కొత్తగా కుబుసం విడిచిన తేలు మెరవదు. పెంకు గట్టిపడే కొద్దీ మెరుపు వస్తుంది. కాబట్టి యూవీలో కనిపించనంత మాత్రాన అక్కడ తేలు లేదని కాదు. ఇంకోటి, మెరిసేదంతా తేలు కాదు. ప్లాస్టిక్ ముక్కలు, టిష్యూ కాగితాలు, కొన్ని రాళ్ల మీది నాచు, సబ్బు పొడితో ఉతికిన మన చొక్కాలు కూడా మెరుస్తాయి. జనం పిక్నిక్కులకు వచ్చే గుట్టల మీద ఒక్కో రాత్రి తేళ్ల కన్నా చాక్లెట్ కవర్లే ఎక్కువ వెలుగుతాయి. అది చూస్తే బాధగా ఉంటుంది.

ఏ టార్చి కొనాలి?

365 నానోమీటర్లది మంచిది. చౌకగా దొరికే 395 నానోమీటర్ల టార్చి కూడా పనిచేస్తుంది కానీ ఊదారంగు వెలుగు ఎక్కువగా వచ్చి తేలు మెరుపును కొంత మింగేస్తుంది. ఏదైనా సరే, కళ్లలోకి వేయకూడదు. యూవీని ఆపే కళ్లద్దాలు పెట్టుకోవాలి. నడవడానికి వేరే మామూలు హెడ్‌లైట్ తప్పనిసరి. యూవీ వెలుతురులో తేలు కనిపిస్తుంది, పాము కనిపించదు.

ఎలాంటి రాత్రి ఎక్కువ కనిపిస్తాయి?

అమావాస్యకు అటూ ఇటూ, గాలి లేకుండా, వెచ్చగా ఉన్న రాత్రి. పౌర్ణమి వెన్నెల్లో చాలా జాతులు కలుగు దాటి బయటికి రావు. వచ్చినా తుప్పల నీడలోనే ఉంటాయి. పొద్దుగూకిన గంట తర్వాత మొదలుపెట్టి రెండు, మూడు గంటలు తిరుగుతాం. మాకు పెద్ద చిక్కు సముద్రపు గాలి. తేలు ఒంటి మీది సన్నని వెంట్రుకలే దానికి చెవులు. గాలి కదలికను బట్టే ఎర ఎటుందో, శత్రువు ఎటుందో పసిగడుతుంది. ఈదురుగాలి వీచే రాత్రి ఆ కబురు దానికి సరిగ్గా అందదు. అందుకే ప్రతి షీటులో గాలి ఎలా ఉందో రాయమంటాం.

పగలు రాళ్లు ఎత్తి చూడకూడదా?

చూడొచ్చు, కానీ పద్ధతి ఉంది. రాయిని మీ వైపు నుంచి పైకెత్తకూడదు. ఎదుటి అంచు పట్టుకుని మీ వైపుకు లేపాలి. అప్పుడు రాయే మీకూ లోపలున్న దానికీ మధ్య అడ్డుగా ఉంటుంది. చేతులతో కాదు, పలుగుతోనో కొక్కెంతోనో లేపాలి. చూశాక ఆ రాయిని అదే గుంటలో, అదే ముఖం కిందికి ఉండేలా పెట్టాలి.

ఈ చివరి మాట దగ్గర మేం చాలా పట్టుదలగా ఉంటాం. ఎన్నో ఏళ్లుగా ఒకేచోట ఉన్న రాయి కింద ఒక తడి, ఒక చల్లదనం ఉంటాయి. ఎండాకాలమంతా దాని మీదే తేలు, జెర్రి, బల్లి, చీమలు బతుకుతాయి. తిరగేసి వదిలేసిన రాయి కింద అవేవీ ఉండవు. తేలును చూసిన సంతోషంలో రాయి సంగతి మరిచిపోయేవాళ్లను రెండోసారి పిలవం.

మండ్రగబ్బలకు రాయే అక్కర్లేదు, కలుగు తవ్వుకుంటాయి. కలుగు నోరు గుండ్రంగా ఉండదు, నెలవంకలా ఒకవైపు వాలి ఉంటుంది. ముందు కొద్దిగా మట్టి కుప్ప కనిపిస్తుంది. కలుగులు తవ్వం. నోటి వెడల్పు, ఎత్తు కొలిచి, అది ఎటు తిరిగి ఉందో దిక్సూచి చూసి రాసుకుంటాం.

ఎంత మేర తిరగాలి? ఎలా లెక్కపెట్టాలి?

మేం 100 మీటర్ల తాడు వేస్తాం. తాడుకు రెండు వైపులా రెండేసి మీటర్లు చూస్తాం. తాడు వెంట చూసే ఈ పట్టీనే గీత అంటాం. అంటే ఒక్కో గీతలో 400 చదరపు మీటర్లు. ఇద్దరు మనుషులు, 40 నిమిషాలు, ప్రతిసారీ అంతే. ఒకరు వెతుకుతారు, ఒకరు రాస్తారు. ఒకరోజు ఇద్దరు, ఇంకోరోజు ఆరుగురు వెతికి, రెండో రోజు ఎక్కువ దొరికాయని సంబరపడితే తేళ్లు పెరిగాయో కళ్లు పెరిగాయో ఎలా తెలుస్తుంది?

ఒక్కటీ దొరకని రాత్రి కూడా షీటు నింపాలి. గీత నంబరు, తేదీ, సమయం, ఎందరు, గాలి, వెన్నెల, తేళ్లు: 0. ఆ సున్నా రాయడానికి కొత్తవాళ్లకు చేయి రాదు. కష్టపడి నడిచింది వృథా అయిందనుకుంటారు. పదేళ్ల తర్వాత అదే గుట్ట మీద ఎవరికైనా ఇరవై దొరికితే, ఆ సున్నా లేకుండా ఆ ఇరవైకి అర్థం ఉండదు.

తేలును ఎక్కడి నుంచి ఎక్కడికి కొలవాలి?

అందరూ మొదట చేసేది మొత్తం పొడవు కొలవడం. మేమూ మొదటి సీజనంతా అదే చేశాం. నోటుబుక్కు నిండా అంకెలే. తర్వాత ఒకే తేలును వారం తేడాతో రెండుసార్లు కొలిస్తే మొత్తం పొడవులో అర సెంటీమీటరు తేడా వచ్చింది. వారంలో తేలు అంత పెరగదు. మధ్యలో అది కడుపునిండా తింది, అంతే. తేలు నడిమి భాగంలో పలకల మధ్య మెత్తని పొర ఉంటుంది. తింటే, కడుపుతో ఉంటే అది సాగుతుంది. ఆకలితో ఉంటే ముడుచుకుంటుంది. ఆ సీజను అంకెలను పోలికకు వాడకూడదని పక్కన పెట్టేయాల్సి వచ్చింది. మీకు ఆ నష్టం రాకూడదనే ఈ జవాబు ఇంత పొడుగ్గా రాస్తున్నాం.

సాగనివి కొలవాలి. అన్నిటికన్నా ముఖ్యం తలపెంకు. కళ్లున్న ఆ ఒక్క గట్టి పలకను ముందు అంచు నుంచి వెనుక అంచు దాకా నడి గీత మీద కొలవాలి. ముందు అంచులో నొక్కు ఉంటే నొక్కు లోపలి నుంచి కొలిచారో, కొసల నుంచి కొలిచారో రాయాలి. రెండూ ఒకటి కావు. తర్వాత దాని వెనుక అంచు వెడల్పు.

ఆ తర్వాత తోక. తోకలో చెరుకు గడలా ఐదు కణుపులుంటాయి. ఒక్కోదాని పొడవు, వెడల్పు, లోతు. ఐదో కణుపు చివర విషపు తిత్తి, దాని మొనే కొండి. తిత్తిని ఆరో కణుపుగా లెక్కపెట్టకండి. ఎక్కువమంది చేసే పొరపాటు ఇదే. చిన్న కణుపు తలపెంకు వైపుది, పొడవైనది ఐదోది.

చివరికి డెక్క. డెక్క మొత్తం పొడవు, లావు, కదిలే వేలి పొడవు. రెండు వేళ్లలో ఒకటే కదులుతుంది, బయటి వైపుది. మొత్తం డెక్క పొడవును దాని లావుతో పోల్చితే డెక్క సన్ననిదో లావుదో మాటల్లో కాకుండా అంకెల్లో తెలుస్తుంది.

ఏ కొలత ఎక్కడ మొదలై ఎక్కడ ముగియాలో హెర్బర్ట్ స్టాన్కీ అనే అమెరికా శాస్త్రవేత్త 1970లో ఒక పద్ధతిగా రాశారు. ప్రపంచంలో చాలామంది ఇప్పటికీ దాన్నే అనుసరిస్తారు. మన గుట్ట మీది అంకెను రాజస్థాన్ వాళ్ల అంకెతో పోల్చగలమంటే ఇద్దరం ఒకే చోట మొదలుపెట్టి ఒకే చోట ఆపడం వల్లే.

బతికున్న తేలుకు కాలిపర్స్ ఎలా పెడతారు?

కాలిపర్స్ అంటే రెండు దవడల మధ్య వస్తువును పెట్టి కొలిచే పరికరం. దాన్ని నేరుగా పెట్టం. 25, 30 సెం.మీ. పొడవున్న పటకారు మొనలకు స్పాంజి చుట్టి, తోకను మెత్తగా పట్టుకుని జిప్ కవర్లోకి దించుతాం. కవరు కింద మందపాటి స్పాంజి, పైన చదునైన పారదర్శక ప్లాస్టిక్ పలక. పలకను మెల్లగా అదిమితే తేలు కదలకుండా ఉంటుంది, దానికి దెబ్బ తగలదు. అప్పుడు పైనుంచి నిట్టనిలువుగా ఫోటో తీస్తాం. మి.మీ. స్కేలు తేలు వీపు ఉన్న ఎత్తులోనే ఉండాలి. నేల మీద స్కేలు పెట్టి, రెండు సెంటీమీటర్ల ఎత్తున ఉన్న వీపును దాంతో కొలిస్తే తేలు ఉన్నదానికన్నా పెద్దదిగా తేలుతుంది. ఇంటికొచ్చాక కంప్యూటర్లో ఇమేజ్‌జే అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో కొలుస్తాం. తలపెంకు, డెక్క మాత్రం పలక పైనుంచి కాలిపర్స్‌తో ఒకసారి సరిచూసుకుంటాం.

మొత్తం మూడు నిమిషాలు దాటకూడదు. కవర్లో ఊపిరాడదని కాదు, మన చేతుల వేడి, నలుపుడు దానికి టెన్షన్. వీపు మీద పిల్లలున్న తల్లిని అసలు ముట్టుకోం. తేలు గుడ్లు పెట్టదు, పిల్లల్ని కంటుంది. తెల్లగా, మెత్తగా ఉండే పిల్లలు తల్లి వీపెక్కి మొదటి కుబుసం విడిచేదాకా అక్కడే ఉంటాయి. ఒకసారి తాడుకు రెండడుగుల దూరంలో అలాంటి తల్లి కనిపించింది. తల్లి పచ్చగా మెరుస్తోంది, వీపు మీది పిల్లలు మాత్రం మసకగా బియ్యపు గింజల్లా ఉన్నాయి. లెక్కపెట్టాలని అందరికీ ఉంది. ఎవరూ ముందుకు వంగలేదు. ఫోటో దూరం నుంచే తీసి, షీటులో ‘తల్లి, పిల్లలతో’ అని రాసి ముందుకు నడిచాం.

ఒకే తేలుకు ఇద్దరు వేరు వేరు కొలతలు రాస్తే?

రాస్తారు. తలపెంకు ఒకరికి 8.1 మి.మీ., ఒకరికి 8.4 రావడం మామూలే. అందుకే ఒక్కో కొలతను ఇద్దరు, రెండేసి సార్లు, ఒకరిది ఒకరు చూడకుండా రాస్తారు. తేడా 0.2 మి.మీ. దాటితే మళ్లీ కొలుస్తాం. డిజిటల్ కాలిపర్స్ 0.01 మి.మీ. దాకా చూపిస్తుంది కాబట్టి అంత ఖచ్చితంగా కొలిచామనుకోవడం పొరపాటు. పరికరం చూపించే అంకె వేరు, మన చేయి ఆగే చోటు వేరు.

ఆడదో మగదో ఎలా తెలుసుకోవాలి?

కడుపు వైపు చూడాలి. చివరి జత కాళ్ల వెనక రెండు చిన్న దువ్వెనలు ఉంటాయి. ఇవి తేళ్లకు తప్ప మరే జీవికీ లేవు. వీటితో నేలను తడుముతూ వాసన, రుచి పసిగడుతుంది. మగదానికి దువ్వెనలు పొడవుగా, పళ్లు పెద్దగా ఉంటాయి. జిప్ కవరును తిప్పి కింద నుంచి ఫోటో తీస్తే ఎడమ, కుడి పళ్లు విడివిడిగా లెక్కపెట్టవచ్చు. ఎర్ర తేలుకు ఒక్కో దువ్వెనకు 30కి అటూ ఇటూ ఉంటాయి, మండ్రగబ్బలకు అంతకన్నా చాలా తక్కువ. ఈ లెక్కకు ఒక గొప్ప గుణం ఉంది: పుట్టినప్పుడు ఎన్ని పళ్లో పెద్దయ్యాకా అన్నే. కుబుసం విడిచినా మారదు. పిల్ల తేలు జాతిని గుర్తుపట్టడానికి ఇంతకన్నా నమ్మకమైన అంకె దొరకదు.

అక్కడే ఇంకోటి చూడండి. దువ్వెనల ముందు రొమ్ము పలక ఉంటుంది. ఎర్ర తేలు కుటుంబంలో అది ముక్కోణం, మండ్రగబ్బ కుటుంబంలో ఐదు కోణాలు.

తేలు వయసు చెప్పగలమా?

ఏళ్లలో చెప్పలేం. ఎన్నో కుబుసంలో ఉందో అంచనా వేయగలం. కుబుసం విడిచిన ప్రతిసారీ గట్టి భాగాలు సుమారు 1.26 రెట్లు పెరుగుతాయన్నది కీళ్లకాళ్ల జీవుల్లో పాత లెక్క. తలపెంకు 4 మి.మీ. ఉంటే తర్వాత సుమారు 5, ఆ తర్వాత 6.3. ఒక గుట్ట మీది తలపెంకుల కొలతలన్నీ వరసగా పేరిస్తే అంకెలు గుంపులు గుంపులుగా విడిపోతాయి. ఒక్కో గుంపు ఒక్కో దశ. జాతిని బట్టి ఈ రెట్లు కొంత మారతాయి.

ఒక గుట్ట మీద మొత్తం ఎన్ని ఉన్నాయో ఎలా అంచనా వేస్తారు?

గుర్తు పెట్టి వదిలి, మళ్లీ పట్టుకుంటాం. తోక మొదటి కణుపు మీద విషం లేని రంగు చుక్క పెడతాం. ఉదాహరణకు మొదటి రాత్రి 24 తేళ్లకు చుక్క పెట్టామనుకోండి. కొన్ని రాత్రుల తర్వాత 20 దొరికితే వాటిలో 6కు చుక్క ఉంది. (24+1)ను (20+1)తో గుణించి, (6+1)తో భాగించి, 1 తీసేస్తే 74. ఇది చాప్‌మన్ సూత్రం. చుక్క కుబుసంతో పాటు ఊడిపోతుంది కాబట్టి రెండు రాత్రుల మధ్య ఎక్కువ రోజులు ఉండకూడదు. మళ్లీ కనిపించినవి రెండో మూడో అయితే ఆ అంచనాను నమ్మకండి, ఇంకొన్ని రాత్రులు నడవండి.

అనుమతి కావాలా?

కావాలి. కంబాలకొండ వన్యప్రాణి అభయారణ్యం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం పరిశోధన కోసం అక్కడికి వెళ్లాలంటే ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి అనుమతి ఉండాలి. రిజర్వు అడవులకు అటవీశాఖను అడగాలి. తొట్లకొండ, బావికొండ, పావురాలకొండ బౌద్ధ క్షేత్రాల్లో ఒక్క రాయి కూడా కదపం. అక్కడి ప్రతి రాయీ వేరే లెక్కలోది. ఎర్రమట్టి దిబ్బల్లో తవ్వడం, గుంటలు చేయడం అసలు పనికిరాదు. సొంత తోటలైతే యజమానితో ముందురోజే మాట్లాడండి. రాత్రిపూట టార్చీలు కనిపిస్తే దొంగలనుకుంటారు.

ఒక గుట్ట దిగువన ఒక మామ్మగారు మమ్మల్ని ఆపి అడిగింది: “ఏటి బాబూ, రేతిరి పూట ఏటి ఎతుకుతున్నారు?” చెప్పాం. “తేలా? సంపకుండా కొలుత్తారేటి?” అని చాలాసేపు మమ్మల్ని ఎగాదిగా చూసింది. ఆ తర్వాత తన కట్టెల దొడ్డి వెనక ఏ గోడలో ఎక్కువగా ఉంటాయో తనే తీసుకెళ్లి చూపించింది. ఆమె చెప్పిన గోడ ఇప్పుడు మా షీట్లలో ఒక శాశ్వత గీత. ఊళ్లోవాళ్లను అడగకుండా సర్వే మొదలుపెట్టకండి.

నల్ల తేలును లక్షలకు కొంటారట. మీ దగ్గర ఉందా?

లేదు, ఉన్నా ఇవ్వం. ఇలాంటి ఫోన్లు నెలకు ఒకటైనా వస్తాయి. ఆ మాట నమ్మి కలుగులు తవ్వి తేళ్లను డబ్బాల్లో పెట్టేవాళ్లు చివరికి వాటిని ఊపిరాడక చంపుతున్నారు, డబ్బు మాత్రం ఎవరికీ రాదు. అందుకే మేం మండ్రగబ్బలు దొరికిన చోటును బయట ఎక్కడా ఖచ్చితంగా పెట్టం. జీవుల ఫోటోలు అందరితో పంచుకునే ఐనాచురలిస్ట్ వెబ్‌సైట్‌లో పెట్టేటప్పుడు కూడా స్థలాన్ని మసక చేస్తాం.

ఫోటో పంపితే జాతి పేరు చెబుతారా?

పై నుంచి ఒకటి, కింద నుంచి దువ్వెనలు కనిపించేలా ఒకటి, తోక పక్క నుంచి ఒకటి, స్కేలుతో పంపితే కుటుంబం వరకు చెప్పగలం, చాలాసార్లు ప్రజాతి కూడా. చెప్పుతో నలిపేసిన తేలు ఫోటో పంపకండి. దానిలో కొలిచేదేమీ మిగలదు.

సర్వేలో తేలు కుడితే ఏం చేస్తారు?

వెంటనే సర్వే ఆపేస్తాం. కుట్టిన చోటు సబ్బుతో కడిగి, చేతికి ఉంగరం, గాజు ఉంటే తీసేసి, మనిషిని కూర్చోబెట్టి, 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి తీసుకెళతాం. కోయడం, నోటితో పీల్చడం, తాడు బిగించి కట్టడం, మంత్రం వేయించడం ఏదీ చేయం. ఏ తేలో తెలియకపోతే ఎర్ర తేలే అనుకుని నడుచుకుంటాం.

విపరీతంగా చెమట, వాంతులు, నోట్లో నీరూరడం, చేతులు కాళ్లు చల్లబడడం, ఆయాసం కనిపిస్తే ఒక్క నిమిషం కూడా ఆలస్యం చేయకూడదు. ఎర్ర తేలు విషం నాడులను ఒక్కసారిగా రెచ్చగొట్టి రక్తపోటును పెంచుతుంది, గుండెను దెబ్బతీస్తుంది, ఊపిరితిత్తుల్లో నీరు చేరేలా చేస్తుంది. చిన్నపిల్లలకు ఇది మరీ ప్రమాదం. ఒకప్పుడు దీనికి సరైన మందు లేదు. మహారాష్ట్రలో మహాడ్ అనే చిన్న ఊళ్లో పనిచేసిన డాక్టర్ హిమ్మత్‌రావు బావస్కర్ 1980లలో ప్రాజోసిన్ అనే మామూలు రక్తపోటు మాత్రతో ఈ రోగులను బతికించవచ్చని చూపించారు. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఎర్ర తేలు విషానికి విరుగుడు ఇంజెక్షను కూడా మన దేశంలో తయారవుతుంది. ఏది, ఎంత ఇవ్వాలన్నది డాక్టరు చూసుకుంటారు, మాత్ర మీరే వేసుకోకండి.

ఏం వేసుకుని రావాలి? ఏం తెచ్చుకోవాలి?

మోకాళ్ల దాకా వచ్చే గంబూట్లు, మందపాటి ప్యాంటు, నీళ్లు. చెప్పులతో వస్తే వెనక్కి పంపిస్తాం. మన గుట్టల్లో కట్లపాము, రక్తపింజర ఉన్నాయి, వాటికి యూవీ టార్చి పట్టదు. కూర్చునేముందు, సంచి ఎత్తేముందు కింద వెలుతురు వేసి చూడాలి. పద్దెనిమిదేళ్లలోపు పిల్లలైతే తల్లో తండ్రో వెంట రావాలి.

మా ఇంట్లో తేలు కనిపించింది. వచ్చి తీసుకెళతారా?

దగ్గరలో ఉంటే వస్తాం. మేం వచ్చేలోపు ఒక వెడల్పాటి గాజు గ్లాసు దాని మీద బోర్లించండి, కిందికి గట్టి కార్డు మెల్లగా దూర్చండి. తేలు గాజు ఎక్కలేదు. గ్లాసు మీద ఒక బరువు పెట్టి పిల్లల్ని దూరంగా ఉంచండి. అది ఏ గదిలో, ఏ మూల, ఎన్ని గంటలకు కనిపించిందో కాగితం మీద రాసి గ్లాసు పక్కనే పెట్టండి.